పిచ్చుక కోసం చేసిన ప్రార్థన

ఆస్పత్రి పై అంతస్తు
ఆదివారం మధ్యాహ్నం

బావకి,

నువ్వు కుట్టి పంపిన బూట్లు అందాయి. చక్కగా సరిపోయాయి, మెత్తగా ఉన్నాయి, మా బావ బంగారం అని నిన్న రాత్రి మీ చెల్లెలితో అన్నాను కూడా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఈ ఉదయం ఒక కాన్పు చూసి ప్రార్థన మందిరానికి ఆలస్యంగా వెళ్ళాను. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. చీమ చిటుక్కుమన్నా వినపడేంత మౌనం. మీ చెల్లెలి పక్కన నా చోటు మొదటి వరసలో. తలుపు దగ్గర్నుంచి ఒక అడుగు వేశాను. కుడి బూటు ‘కుయ్’ మంది. ఎడమ బూటు బుద్ధిగా ఊరుకుంది. మునివేళ్ళ మీద నడిచి చూశాను, ఇంకా గట్టిగా ఏడ్చింది. ప్రార్థన చేయించే పెద్దాయన ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకున్నాడు. మా అమ్మ చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. మీ చెల్లెలు నన్నెరగనట్టు పక్కకి తిరిగి కూర్చుంది. బయటికొచ్చాక మడమ విప్పి చూస్తే, పిల్లల బొమ్మలో ఉండే పీక! యాభై దాటినవాడివి, నీకు సిగ్గులేదా?

సరే, అసలు పని. ఇక్కడ రొట్టెల కొట్టాయనకి ఒక మనవరాలుంది. పుట్టుకతోనే ఎడమ కాలు కొంచెం పొట్టి. మునివేళ్ళ మీద ఎగిరెగిరి నడుస్తుంది, సాయంత్రానికి నడుం నొప్పని ఏడుస్తుంది. ఎడమ బూటుకి వేలెడు మందం అడుగు కావాలి. బరువు మాత్రం ఉండకూడదు. రెండు పాదాలూ కాగితం మీద గీసి పంపుతున్నాను. దయచేసి ఇందులో పీకలు పెట్టకు.

మా అమ్మాయి ఎలా చదువుతోంది? పోయినసారి మెడికల్ సీటు వెంట్రుకవాసిలో పోయింది. మీ ఊళ్ళో కోచింగ్ గట్టిగా ఉంటుందనే నీ ఇంట్లో ఉంచాను. మా ఇంటి అలవాటు నీకు తెలుసుగా, రాత్రి భోజనాలయ్యాక దీపం తగ్గించి అందరం కూర్చుంటాం, ఆ రోజు మేలు చేసిన మనిషిని ఒకరిని తలుచుకుని, వాళ్ళ కోసం దేవుణ్ణి ఏదో ఒకటి అడుగుతాం. చివర్న నేను మాత్రం రోజూ మా అమ్మాయి గురించి అడుగుతాను, అది డాక్టరు కావాలని. దాన్ని పొద్దున్నే లేపు. అక్కయ్యని అడిగానని చెప్పు.

ఒక్క కాలితో అరుస్తున్న
నీ డాక్టరు బావ

*

బూట్ల కొట్టు, వెనక గది
వాన కురుస్తున్న రోజు

డాక్టరు బావగారి దివ్య పాదాలకి,

పీక గురించి నువ్వు రాసింది కొట్లో అందరికీ చదివి వినిపించాను. మీ అక్కయ్య నవ్వలేక గోడకి జారబడింది. నీది ఎంత దొడ్డ మనసు బావా, కుడి బూటులో దొరికిందని అక్కడితో ఆగిపోయావు. ఎడమది ఇంకో నెలకి మొదలవుతుంది. ఊరికే అన్నాన్లే. విప్పి చూడకు. సరే, చూడు.

అయినా నువ్వు నాకు రుణపడ్డావు. ఇన్నేళ్ళూ పిల్లిలా వచ్చి ‘చొక్కా ఎత్తు’ అని చల్లటి చెయ్యి వీపు మీద వేస్తున్నావు, జనం అదిరి చస్తున్నారు. ఇప్పుడు కుయ్ మంటే చాలు, గాలి పీల్చి రెడీగా ఉంటారు.

రొట్టెలాయన మనవరాలి బూట్లు ఇందులోనే పంపుతున్నా. నేను కుట్టలేదు. నాకా ఓపిక ఎక్కడిది? కొత్త పనివాళ్ళు దొరికారు, చెయ్యి మహా శుభ్రం. అడుగుకి తోలు వరసగా వేస్తే బరువెక్కుతుందని, మధ్యలో బెండు పెట్టి అంచు చుట్టూ మాత్రం తోలు తొడిగారు. రెండు బూట్లూ పక్కపక్కన పెడితే ఏది ఎత్తో నీకు చటుక్కున తెలియదు. పిల్లకి సిగ్గు వెయ్యకూడదట. ఆ మాట నాకు తట్టలేదు, నిజం చెప్తున్నా.

నీ కూతురు పొద్దున్నే లేస్తోంది. నాకంటే ముందే లేస్తోంది. చేతిలో పని పెడితే వేళకి తిండి కూడా గుర్తుండదు. బెంగ పెట్టుకోకు.

చదువు అబ్బక బతికిపోయిన
నీ బావ

*

బూట్ల కొట్టు
అదే వాన

చెల్లీ,

ఈ ఉత్తరం నీ ఒక్కదానికే. బావ ఆస్పత్రిలో ఉన్నప్పుడు చదువు. చదివేముందు కూర్చో.

నీ కూతురు కోచింగ్‌కి వెళ్ళడం మానేసి చాలా రోజులైంది. మొదట నాకూ తెలీదు. పుస్తకాల సంచీ భుజాన వేసుకుని టంచనుగా బయల్దేరేది. ఒక రోజు తోలు కొనడానికి బజారుకెళ్తే ఇది అక్కడ తోళ్ళ కొట్టాయన పక్కన పీట వేసుకుని కూర్చుని, ఏ తోలు వానకి తట్టుకుంటుంది, ఏది సాగుతుంది అని వాడి బుర్ర తినేస్తోంది. నన్ను చూసి పారిపోతుందనుకున్నా. ‘మావయ్యా, ఇది చూడు, దూడ తోలు అని మేకది అంటగడుతున్నాడు’ అంది. వాడి మొహం చూడాల్సింది నువ్వు.

ఇంటికొచ్చి అడిగాను. ఏడ్చింది. ఆ పుస్తకాలు తెరిస్తే అక్షరాలు కనపడవట, నాన్న మొహం కనపడుతుందట. చిన్నప్పుడు సెలవలకి వచ్చినప్పట్నుంచీ ఈ పనే ఇష్టమట. ‘నాన్నకి ఎలా చెప్పను మావయ్యా, రోజూ దేవుణ్ణి అడుగుతున్నాడు కదా’ అని ఒకటే గోల. నేనేం చెయ్యను? తిడదామని నోరు తెరిచి, దారం చేతికిచ్చాను.

రొట్టెలాయన మనవరాలి బూట్లు కుట్టింది అదే. అడుగులో బెండు ఆలోచన దానిదే. రాత్రంతా విప్పి కుట్టి, విప్పి కుట్టి. చూడు చెల్లీ, మన నాన్న చేతి కుట్టు గుర్తుందా నీకు, వంకర లేకుండా, లెక్కపెట్టినట్టు? ఆ కుట్టే. మధ్యలో నన్ను దాటేసి దానికెళ్ళిపోయింది, దొంగ.

బావకి చెప్పాలి. నాకు తెలుసు. ఊళ్ళో ఎవరి మీదైనా ఏ వేషమైనా వేస్తాను గానీ, ఆ మనిషి ముందు ఈ మాట అనడానికి నాలుక మడత పడుతోంది. పరీక్ష దరఖాస్తుల టైముకి ముందే చెప్తాను. ప్రస్తుతం నువ్వు నోరు మూసుకో. నన్ను తిట్టాలనుంటే ఉత్తరంలో తిట్టు, బావకి వినపడదు.

నీ అన్న

*

ఆస్పత్రి
పొద్దున్న, మొదటి పేషెంటు రాకముందు

బావా,

నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. రొట్టెలాయన మనవరాలికి బూట్లు తొడిగాను. లేచి నిలబడింది. రెండు మడమలూ నేలకి ఆనడం ఆ పిల్లకి అదే మొదటిసారి. కిందకి చూసుకుంది, నన్ను చూసింది, తాతని చూసింది, వీధిలోకి పరుగు తీసింది. ముసలాయన వెనకాల ‘ఒసేయ్ ఆగు, ఒసేయ్ పడతావే’ అని అరుస్తూ పరుగు. పడింది. మోకాలు చెక్కుకుపోయింది. ఏడవలేదు. పరిగెత్తి పడ్డానని వీధి వీధంతా తిరిగి ఆ గాయం చూపించి వచ్చింది. మందు రాయనివ్వలేదు, చెరిగిపోతుందట!

ఆ బూటు తిప్పి తిప్పి చూశాను. పిల్ల సిగ్గు గురించి కూడా ఆలోచించిన మనిషి ఎవరు బావా? డాక్టరుగా నేను కాలు కొలిచాను గానీ, తోటి పిల్లల మధ్య ఆ పిల్ల నిలబడడం గురించి ఆలోచించలేదు. ఆ మనిషి పేరు రాయి. ఇప్పటికి ‘ఆ కుట్టిన చెయ్యి’ అనే ప్రార్థనలో తలుచుకుంటున్నాం. మావాడు బుడ్డోడు మాత్రం ‘దేవుడికి అడ్రసు లేకుండా ఎలా పంపుతాం నాన్నా’ అంటున్నాడు.

నేను రోజూ ఒకటే అడుగుతున్నాను, ఆ చెయ్యి ఆ పనిలోంచి ఎప్పుడూ కదలకూడదని. ఎవరు ఎంత ఆశ పెట్టినా, ఎవరు ఎంత బలవంతం చేసినా, ఇంకో పనికి పోనివ్వకు స్వామీ అని. నీ దగ్గర కూలి చాలకపోతే చెప్పు, నేను వేసుకుంటాను.

ఇంకో ముగ్గురి పాదాలు గీసి పంపుతున్నాను.

డాక్టరు బావ

*

వంటింటి బల్ల దగ్గర
బావ ఆస్పత్రిలో ఉండగా

అన్నయ్యా,

నువ్వు మనిషివేనా?

మీ బావ అడిగిన పేరుకి నువ్వు ‘పిచ్చుక’ అని రాశావట. ‘కొట్లో అలా పిలుస్తాం, బొత్తిగా సిగ్గరి’ అన్నావట. దాని చిన్నప్పటి ముద్దుపేరు నువ్వు పెట్టిందే కదా, ఆయనకి గుర్తు లేదనుకున్నావా? నిజంగానే గుర్తు లేదు. ఇంట్లో మనిషి జ్వరం తేదీతో సహా చెప్తాడు, ముద్దుపేరు మాత్రం చెప్పలేడు.

నిన్న రాత్రి జరిగింది విను. దీపం తగ్గించాం. బుడ్డోడు వాళ్ళ మాస్టారిని తలుచుకున్నాడు, లెక్కలు తప్పినా కొట్టలేదని. అత్తయ్య పాలమ్మాయిని తలుచుకుంది. ఆయన కళ్ళు మూసుకుని, ‘పిచ్చుకని ఆ పనిలోంచి కదలనివ్వకు తండ్రీ, ఆ వేళ్ళు దానికోసమే చేశావు’ అన్నాడు. అదే ఊపిరిలో, ‘మా అమ్మాయిని డాక్టర్ని చెయ్యి తండ్రీ’ అన్నాడు. అన్నయ్యా, పాపం దేవుడు! ఒకే మనిషికి అటొకటి ఇటొకటి. నాకు పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. దగ్గొచ్చిందని లేచి వంటింట్లోకి వచ్చేశాను. ఆయన వెనకాలే స్టెతస్కోపు పట్టుకుని వచ్చాడు. గాలి గట్టిగా పీల్చమన్నాడు!

నవ్వులాట కాదు. ఆస్పత్రిలో తన గది పక్కనే అమ్మాయి కోసం ఇంకో గది కట్టిస్తున్నాడు. కిటికీ ఎటువైపు ఉండాలో నన్ను రోజూ అడుగుతున్నాడు. దానికి ఉత్తరం వైపు వెలుతురు మంచిదట. నేను ‘ఇంకా సీటు రాలేదు కదండీ’ అంటే, ‘వస్తుంది, అడిగాను కదా’ అంటాడు. ఆ మొహం చూసి నేనేం చెప్పను? ఆయన దాన్ని తిట్టడు అన్నయ్యా. తిడితే బాగుండును. ఏమీ అనకుండా వెళ్ళి పేషెంట్లని చూసుకుంటాడు, రాత్రి ప్రార్థనలో తన వంతు రాగానే మౌనంగా ఉండిపోతాడు. నా భయం అది. ఆ పిల్ల భయం కూడా అదే అయ్యుంటుంది.

త్వరగా చెప్పు. నువ్వే చెప్పు. పరాచికాలు లేకుండా.

చెల్లి

*

ఆస్పత్రి
హడావిడిగా

బావా,

ఇక్కడ ఒక దర్జీ ఉన్నాడు. షుగరు మనిషి. కుడి బొటనవేలి మొదట్లో అరికాలి కింద పుండు. నేను కట్టు కడతాను, మానుతుంది, వెళ్ళి కుట్టుమిషను తొక్కుతాడు, మళ్ళీ తెరుచుకుంటుంది. తొక్కద్దంటే నవ్వుతాడు. ‘మా ఇంట్లో నోళ్ళు మీరు కుడతారా డాక్టరుగారూ’ అంటాడు. ఇలాగే సాగితే ఆ వేలు తీసెయ్యాలి, ఆ తర్వాత ఏం తీసెయ్యాలో చెప్పలేను.

ఆ చోట బరువు పడకుండా బూటు కావాలి. కాగితం మీద గీసి పంపితే లాభం లేదు. అతను మిషను తొక్కుతుండగా కళ్ళారా చూసి కొలవాలి. నీ పిచ్చుకని పంపు. సిగ్గరి అని మళ్ళీ సాకు చెప్పకు. బస్సు ఛార్జీ నాది. మా ఇంట్లోనే ఉండొచ్చు, మీ చెల్లెలికి చెప్పాను. ఎందుకో ఆవిడ చేతిలో గ్లాసు జారి పడింది.

డాక్టరు బావ

*

బూట్ల కొట్టు
కొట్టు మూసేశాక

బావా,

దర్జీ గురించి చదివి వినిపించాను. పిచ్చుక అప్పుడే పనిముట్ల సంచీ సర్దేసుకుంది. ‘వేలు పోతుందట మావయ్యా’ అంది, అంతే. పొద్దున్నే బస్సు.

నువ్వు తలుపు తియ్యగానే ఎవరొచ్చారో నీకే తెలుస్తుంది. నేను ముందే చెప్పాల్సింది. ఇదే ఉత్తరాన్ని నాలుగైదు రకాలుగా రాశాను, అన్నిట్లోనూ ఎక్కడో ఒకచోట జోకు దూరింది, అన్నీ చింపేశాను. ఇందులో జోకు లేదు. కోపమంతా నా మీద పెట్టుకో. ఎన్నాళ్ళైనా పెట్టుకో, నాతో మాట్లాడకు, నా బూట్లు తొడుక్కోకు. దాన్ని మాత్రం మౌనంగా చూడకు. దానికి నీ తిట్లంటే భయం లేదు, నీ మౌనమంటే భయం.

ఇంతకంటే రాయడం రాదు.

నీ బావ

*

ఆస్పత్రి పై అంతస్తు
చాలా రోజుల తర్వాత

అయ్యా, బూట్ల వర్తకుడు గారికి,

తమరు నాకు చేసిన మోసానికి గాను తమతో సంబంధాలన్నీ తెంచుకుంటున్నాను. ఇకపై ఉత్తరాలు రాయవద్దు.

ఇట్లు, డాక్టరు.

గుండె గుభేలుమందా? నాకూ వచ్చులే వేషాలు. ఇన్ని రోజులు జవాబు రాయనిది కూడా అందుకే. కాలు కాలిన పిల్లిలా కొట్లో తిరుగుతున్నావని అక్కయ్య మీ చెల్లెలికి ఎప్పటికప్పుడు రాస్తూనే ఉంది. మేం రాత్రి చదువుకుని నవ్వుకుంటూనే ఉన్నాం. ఇది ప్రార్థన మందిరం బాకీ.

ఇప్పుడు జరిగింది చెప్తాను.

ఆ రోజు బయట బెంచీ మీద వరసగా పేషెంట్లు. తలుపు తీసి ‘పిచ్చుక ఎవరండీ, వచ్చారా’ అన్నాను. దర్జీ పక్కనుంచి మా అమ్మాయి లేచింది. తోలు ఏప్రను, చేతిలో నీ పాత సంచీ. నేను ‘నువ్వెందుకొచ్చావ్, కోచింగ్ లేదా’ అన్నాను, ఏమీ అర్థం కాక. ‘నేనే నాన్నా’ అంది. మళ్ళీ ‘నేనే’ అంది.

నువ్వు భయపడ్డట్టే చేశాను బావా. ఏమీ అనలేదు. లోపలికెళ్ళి తలుపేసుకుని కూర్చున్నాను. ఎంతసేపు కూర్చునేవాణ్ణో గానీ, దర్జీ తలుపు బాదాడు. ‘డాక్టరుగారూ, మీ తండ్రీకూతుళ్ళ సంగతి మీ ఇంటికెళ్ళి తేల్చుకోండి, ఇక్కడ నా వేలు ఎదురు చూస్తోంది’ అని అరిచాడు. బెంచీ మీద అందరూ నవ్వారు. నేనూ బయటికొచ్చాను.

ముగ్గురం దర్జీ కొట్టుకి వెళ్ళాం. అతను తొక్కుతుంటే ఇది మిషను కింద నేల మీద బోర్లా పడుకుని చూసింది. ‘పుండు లోతెంత నాన్నా, ఎముక దాకా ఉందా’ అని అడిగింది. లేదన్నాను, చర్మం కింద ఏముంటుందో చెప్పాను. విని, అరికాల్లో ఆ చోట గుంట తవ్వి చుట్టూ మెత్త పెడతానంది. గుంట మరీ లోతైతే అంచు ఒరుసుకుంటుందని నేనన్నాను. సరేనంది, అంచు ఇంకొంచెం వెనక్కి జరిపింది. సాయంత్రం దాకా ఇద్దరం ఆ నేల మీదే కూర్చున్నాం. చిన్నప్పట్నుంచి దానికి ఎన్నో పాఠాలు చెప్పాను, ఒక్కటీ అలా వినలేదు.

రాత్రి దీపం తగ్గించాం. నా వంతు వచ్చింది. మా అమ్మే అంది, ‘ఏరా, పిచ్చుకని కదలనివ్వకని రోజూ అడిగావుగా, ఇవాళ మాట్లాడవేం?’ ‘డాక్టరు కావాలని కూడా నేనే అడిగానమ్మా’ అన్నాను. ‘రెండూ ఒకేలా అడిగావా?’ అంది.

రాత్రంతా ఆ మాటే తిరిగింది. ఒకటి నా కోసం అడిగాను, నా గది పక్కన గది కోసం, నా తర్వాత నా బోర్డు కోసం. రెండోది ఎవరో ఏమిటో తెలియకుండా, ఆ చెయ్యి చల్లగా ఉండాలని అడిగాను. ఎవరు బలవంతం చేసినా కదలనివ్వకన్నాను. బలవంతం చేసే ఆ ‘ఎవరు’ నేనేనని దేవుడికి అప్పుడే తెలిసి ఉంటుంది, చెప్పకుండా ఊరుకున్నాడు. ఆయనకీ నీ సావాసం ఉందేమోనని నా అనుమానం.

పొద్దున్నే దాన్ని లేపి, పరీక్ష రాయద్దన్నాను. ఏడ్చింది. మీ చెల్లెలు ఏడ్చింది. బుడ్డోడు ‘అయితే అక్క గది నాదా’ అన్నాడు. వాడికి ఒకటి తగిలింది.

కాదు, గది దానిదే. దర్జీ పుండు మానేదాకా దాన్ని ఇక్కడే ఉంచుకున్నాను, నీకు ఒక్క ముక్కా రాయనివ్వలేదు. ఇకనుంచి ప్రతి నెలా మొదటి వారం ఇక్కడికి వస్తుంది, మిగతా రోజులు నీ దగ్గరే నేర్చుకుంటుంది. నీ పని నువ్వు మానేస్తే ఊరుకోను. దర్జీ పుండు మానింది, మిషను తొక్కుతూనే ఉన్నాడు, మిషను చప్పుడు నా గదిలోకి వినపడుతోంది.

అలా మొదటి వారం నిన్న మొదలైంది. నేను వచ్చేసరికి నా గది ముందు జలుబు మనిషి ఒక్కడున్నాడు. దాని గది ముందు బెంచీ నిండిపోయి, జనం మెట్ల దాకా నిలబడ్డారు. జలుబుకి మందిచ్చి పంపేశాక నాకు పని లేదు. కొంతకాలంగా ఎడమ మడమ నొప్పి, పొద్దున్న మొదటి అడుగు వెయ్యలేకపోతున్నాను. ఎవరికీ చెప్పలేదు. రోజంతా నిలబడే ఉంటాను కదా, అందరి కాళ్ళూ చూస్తాను గానీ నావి చూసుకోను.

ఎవరూ చూడడం లేదనుకుని నేరుగా దాని గది తలుపు దగ్గరికి వెళ్ళాను. రొట్టెలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. ‘వరసలో రండి డాక్టరుగారూ’ అన్నాడు.

వెళ్ళి మెట్ల మీద చివర కూర్చున్నాను. బూట్లు విప్పి పక్కన పెట్టుకున్నాను. మీ చెల్లెలు పైనుంచి చూసి, ‘అక్కడేం చేస్తున్నారండీ’ అని కేకేసింది. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నానన్నాను. అబద్ధం కాదు బావా, నిజంగానే పెట్టుకుంటున్నాను. ఈసారి ఏమీ అడగలేదు.

ఒక్కొక్కరే వెళ్ళి, మెట్లన్నీ ఖాళీ అయ్యాయి. లోపలినుంచి మా అమ్మాయి తల ఎత్తకుండానే, ‘తర్వాత ఎవరండీ’ అంది.

నేనే అన్నాను.